ఘాట్ రోడ్డు మీద పాత అంబాసిడర్

విశాఖపట్నం నుండి అరకు లోయకు వెళ్ళే దారి మన చదువరులలో చాలామందికి తెలిసినదే. రైలులో వెళ్ళినవారు సొరంగాలను లెక్కపెట్టి ఉంటారు. బస్సులో వెళ్ళినవారు మలుపులకు తల తిరిగి కిటికీ ఊచ పట్టుకుని ఉంటారు. అక్కడి జలపాతాలను గురించి, కాఫీ తోటలను గురించి, బొర్రా గుహలను గురించి ఎందరో వ్రాశారు. ఈ వ్యాసంలో అదే దారిని మరొక విధంగా చూద్దాం. దాదాపు అరవై ఏళ్ళ నాటి ఒక అంబాసిడర్ కారులో, ఒక నవంబరు నెలాఖరున మేము నలుగురం ఆ కొండ ఎక్కి దిగాము. కారు మూడు చోట్ల మొరాయించింది. ఎందుకు మొరాయించింది, దానిని ఎలా కనుగొన్నారు అన్న సంగతులు మీ ఇంట పాత బండి ఉన్నా లేకపోయినా పనికివస్తాయని నా నమ్మకం.

కారు, కారులోని మనుషులు

అంబాసిడర్ పుట్టిల్లు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా. ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును నమూనాగా తీసుకుని హిందూస్థాన్ మోటార్స్ వారు 1950ల చివర దీని తయారీ మొదలుపెట్టారు. 2014 మే నెలలో తయారీ ఆగిపోయింది. నడుమ యాభై ఏళ్ళకు పైగా మన పల్లెల్లో కారు అంటే అంబాసిడరే. పెండ్లికొడుకు దిగినా, కలెక్టరు గారు వచ్చినా, ఆసుపత్రికి రోగిని తీసుకువెళ్ళినా ఆ గుండ్రటి తెల్ల బండే కనబడేది.

మేము ప్రయాణించినది 1967 నాటి మార్క్ 2 బండి. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, 1489 సి.సి. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉంటుంది. సొంతదారు పదవీ విరమణ చేసిన ఒక ప్రధానోపాధ్యాయులు. ఆయన దానిని 1984లో సెకండ్ హ్యాండులో కొన్నారు. వారి ఊళ్ళో అప్పట్లో అంబులెన్సు లేదు. అర్ధరాత్రి ఎవరికి నొప్పులు వచ్చినా మాస్టారి తలుపు తట్టేవారు. ఆ వెనుక సీటులో శృంగవరపుకోట ఆసుపత్రి చేరకముందే పుట్టిన బిడ్డ ఒకడు ఇప్పుడు లారీ నడుపుతున్నాడు.

ఇప్పుడు మాస్టారికి డెబ్బై ఎనిమిది దాటాయి. కారు రిజిస్ట్రేషన్ గడువు జనవరితో తీరిపోతుంది. సొంత కారుకు మొదటి పదిహేను ఏళ్ళ తరువాత ప్రతి అయిదేళ్ళకూ తనిఖీ చేయించి పునరుద్ధరించుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2021లో వింటేజ్ వాహనాలకు వేరే నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్ళు నిండి, అసలు రూపం చెడకుండా ఉన్న వాహనాలకు అవి వర్తిస్తాయి. కొత్తగా నమోదుకు రుసుము 20,000 రూపాయలు, తిరిగి నమోదుకు 5,000. అయితే అలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి తప్ప రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. "నడవని కారు నాకెందుకు? అద్దాల బీరువాలో పెట్టడానికా?" అంటారు మాస్టారు.

మనవడు విశాఖపట్నంలో ఒక కొత్త కార్ల సర్వీసు కేంద్రంలో పని చేస్తున్నాడు. ఆటోమొబైల్ డిప్లొమా చదివాడు. హైదరాబాదులో ఒకాయన పెండ్లి ఫొటోల కోసం పాత అంబాసిడర్లు కొంటున్నాడనీ, మంచి ధర ఇస్తాడనీ వాడే కబురు తెచ్చాడు. "తాతయ్యా, ఇంక దీనిని చూసేవాళ్ళెవరు? మేస్త్రి గారికీ వయసైపోయింది" అన్నాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. నలభై ఏళ్ళుగా ఆ కారు బాగోగులు చూస్తున్న మేస్త్రి చేతులు ఇప్పుడు సన్నగా వణుకుతున్నాయి. మాస్టారు చాలాసేపు ఆలోచించి ఒక షరతు పెట్టారు. "ఒకసారి అరకు ఎక్కి దిగుదాం. దారిలో ఏమి వచ్చినా ముందు నువ్వే చూడాలి. మేస్త్రి నోటితో చెబుతాడు గాని చెయ్యి పెట్టడు. అప్పటికీ అమ్మేద్దామంటే అలాగే అమ్మేద్దాం."

అలా మాస్టారు, మేస్త్రి, మనవడు, వారి కుటుంబ స్నేహితుడినైన నేను తెల్లవారుతూనే బయలుదేరాము. దారి సుమారు 115 కిలోమీటర్లు. బండి కదలకముందే మేస్త్రి కుర్రవాడికి రెండు మాటలు చెప్పాడు. "ఇంజనుకు కావలసినవి మూడే బాబూ. నిప్పు, పెట్రోలు, గాలి. ఆగిపోయిందంటే మూడిట్లో ఒకటి అందలేదన్నమాట. ఏది అందలేదో తేలేదాకా స్పానరు ముట్టుకోకు. ఇక కరెంటంటావా, అది బయలుదేరిన చోటికే తిరిగి రావాలి. వెళ్ళే దారి ఒక్కటే సూసి, వచ్చే దారి మరిచిపోకు." రెండవ మాట ఎంత అవసరమైనదో మర్నాడు గాని మాకు తెలియలేదు.

పెందుర్తి దాటాక ఎర్ర దీపం

పెందుర్తి రద్దీ దాటి కొత్తవలస వైపు సాగుతుండగా డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది. బ్యాటరీకి ఛార్జింగు అందడం లేదని దాని అర్థం. ఆ కాలపు కార్లలో ఆల్టర్నేటర్ లేదు, డైనమో ఉండేది. దాని కరెంటును అదుపు చేసే పెట్టెను మన మెకానిక్కులు కటౌట్ అంటారు.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఇంజను ముందున్న ఒక్క బెల్టే ఫ్యానును, నీటి పంపును, డైనమోను మూడింటినీ తిప్పుతుంది. కనుక ఎర్ర దీపం వెలగగానే బండి పక్కకు తీసి మొట్టమొదట బెల్టు చూడాలి. బెల్టు తెగి ఉంటే ఒక్క కిలోమీటరు కూడా నడపరాదు. నీరు తిరగక ఇంజను ఉడికిపోతుంది. బెల్టు బాగుంటే కంగారు లేదు. పగటివేళ లైట్లు, హారను వాడకుండా నిండు బ్యాటరీ మీదనే కొన్ని గంటలు నడవవచ్చు.

బెల్టు బాగానే ఉంది. నడుమ వేలితో నొక్కితే అర అంగుళం లోపలికి దిగింది. అంతే ఉండాలి.

"డైనమో కాలిపోయి ఉంటుంది. ఆల్టర్నేటర్ వేయిస్తే ఈ గొడవే ఉండదు కదా?" అన్నాడు కుర్రవాడు.

"ఉంటాది, ఉంటాది అంటే ఎలాగ? అడిగి సూడు మరి," అన్నాడు మేస్త్రి.

డైనమోను అడిగే విధానం ఇది. దాని వెనుక రెండు వైర్లు ఉంటాయి. లావుపాటిది కరెంటును బయటికి తెచ్చేది, సన్నది లోపలి అయస్కాంతపు చుట్టకు కరెంటు ఇచ్చేది. రెండు వైర్లూ విప్పి, డైనమో మీది రెండు టెర్మినళ్ళనూ చిన్న తీగముక్కతో కలపాలి. వోల్టు మీటరు ఒక కొస అక్కడ, రెండవ కొస బాడీకి. ఇంజను స్టార్టు చేసి నెమ్మదిగా వేగం పెంచాలి. డైనమో మంచిదైతే వోల్టులు గబగబా పెరుగుతాయి. 20 దాకా పోనివ్వకుండా ఆపేయాలి. ఎక్కువ వేగంతో తిప్పితే మంచి డైనమో కూడా పాడవుతుంది.

కుర్రవాడి మీటరులో అంకెలు పెరిగాయిగాని ముందు మైనస్ గుర్తు కనబడింది. వాడు మీటరును అటూ ఇటూ తిప్పి చూశాడు. మేస్త్రి నవ్వాడు. ఈ కారులో బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిపి ఉంటుంది. ఆ రోజుల బ్రిటిష్ కార్లలో చాలావాటికి అదే పద్ధతి. ఇప్పటి కార్లలో మైనస్ కొస బాడీకి ఉంటుంది. పాత కారుకు బ్యాటరీ బిగించేముందు ఏ కొస బాడీకి వెళ్తున్నదో చూసి తీరాలి. చూడకుండా తారుమారు చేస్తే, తరువాత పెట్టించిన రేడియో వంటివి క్షణంలో కాలిపోతాయి.

డైనమో బాగానే ఉన్నదని తేలింది. కొత్తది కొనవలసిన పని లేదు. ఇక మిగిలినవి వైర్లు, కటౌట్. ఇంజను ఆపి, టెస్ట్ ల్యాంపుతో చూస్తే సన్న వైరులో కరెంటు అటునుండి ఇటు రావడం లేదు. వేలితో తడుముతూ పోతే లగ్గుకు అంగుళం దూరంలో వైరు మెత్తగా వంగింది. పై తొడుగు బాగానే ఉంది, లోపలి రాగి పచ్చగా చిలుమెక్కి తెగిపోయింది. చెడిన ముక్క కోసి, రాగి గీకి, కొత్త లగ్గు వేశాడు. ఎర్ర దీపం ఆరిపోయింది. ఖర్చు ఒక లగ్గు, ఇరవై నిమిషాలు.

టైడా దగ్గర ఆగిన ఇంజను

శృంగవరపుకోటలో టీ త్రాగి, రేడియేటరులో నీళ్ళు చూసుకుని కదిలాము. అక్కడినుండి చేలు తగ్గిపోయి తూర్పు కనుమలు ఎదురుగా లేస్తాయి. బొడ్డవర దాటాక రైలు దారి కూడా కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడినుండి జపానుకు చేరవేయడానికి 1960లలో వేసిన దారి అది. కొత్తవలస నుండి కిరండూల్ దాకా పోతుంది. లోయకు అవతల గూడ్సు బండి ఒక సొరంగంలో దూరి మరొక దానిలో తేలుతుంటే మాస్టారు, "ఇదీ మన కారూ ఒక ఈడువే" అన్నారు.

టైడా ముందు ఒక మలుపులో లారీ ఆగిపోయి దారి కట్టేసింది. ఎండలో ఇరవై నిమిషాలు ఇంజను తిరుగుతూనే నిలబడ్డాము. దారి దొరికి రెండవ గేరులో రెండువందల గజాలు ఎక్కామో లేదో ఇంజను దగ్గి, తుమ్మి, ఆగిపోయింది. వెనుక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాము. సెల్ఫ్ కొడితే ఇంజను చురుకుగానే తిరుగుతున్నది గాని అందుకోవడం లేదు.

"ముందు నిప్పు," అన్నాడు కుర్రవాడు తనకు తానే. కాయిల్ నుండి వచ్చే లావు వైరును డిస్ట్రిబ్యూటర్ మూత నుండి ఊడదీశాడు. మన గ్యారేజీలలో డిస్ట్రిబ్యూటరును డెల్కో అంటారు. ప్లాస్టిక్ పిడి ఉన్న పటకారుతో ఆ వైరు కొసను ఇంజను ఇనుముకు పావు అంగుళం దూరంలో పట్టుకున్నాడు. మాస్టారు సెల్ఫ్ కొట్టారు. టక్, టక్ అంటూ నీలపు నిప్పురవ్వ దూకింది. నిప్పు ఉంది. ఈ పరీక్షను పెట్రోలు పైపు విప్పకముందే చేయాలి, విప్పాక ఎన్నటికీ చేయరాదు. పెట్రోలు ఆవిరి ఉన్నచోట ఒక్క రవ్వ చాలు.

"ఇప్పుడు పెట్రోలు." లావు వైరును దూరంగా తప్పించి, కార్బురేటరు దగ్గర పైపు విప్పి గాజు సీసాలో పెట్టాడు. సెల్ఫ్ కొడితే సీసాలోకి పెట్రోలు ధారగా పడాలి. నాలుగు చుక్కలు, మిగతా అంతా బుడగలు. ట్యాంకులో సగానికి పైగా పెట్రోలున్నది. మరి బుడగలెందుకు?

పెట్రోలు ట్యాంకు కారు వెనుక ఉంది. పంపు ముందు, వేడి ఇంజను పక్కనే బిగించి ఉంది. అంత దూరం నుండి పీల్చుకుంటూ రావాలి. బండి నిలబడి ఉన్నంతసేపూ బానెట్ కింద వేడి పేరుకుపోయి, పైపులోని పెట్రోలు మరిగి ఆవిరైంది. పంపు ద్రవాన్ని తోయగలదు గాని ఆవిరిని తోయలేదు. దీనినే మెకానిక్కులు ఎయిర్ పట్టిందంటారు.

ఈ బాధ పాత కార్లకు ఎప్పుడూ ఉన్నదే, ఇప్పుడు కాస్త పెరిగింది. మన దేశంలో పెట్రోలులో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేలికగా ఆవిరవుతుంది. అంతేగాక ఆనాటి రబ్బరు పైపులను, పంపులోని డయాఫ్రమ్‌ను మెత్తబరుస్తుంది. గాలిలోని తేమను పీల్చుకుని ట్యాంకులో తుప్పు పట్టిస్తుంది. కనుక పాత బండి ఉన్నవారు పెట్రోలు రబ్బరు పైపులన్నిటినీ ఇథనాల్‌కు తట్టుకునేవిగా మార్పించుకోవాలి. నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచరాదు. పైపు ఎగ్జాస్టుకు ఆనుకుని పోతుంటే తప్పించాలి, నడుమ ఒక రేకు అడ్డం పెడితే మరీ మంచిది.

ఆ క్షణాన చేయవలసినది మాత్రం చాలా చిన్న పని. బానెట్ తెరిచి, తడి తువ్వాలు పంపు మీద, పైపు మీద చుట్టి కూర్చోవడమే. కుర్రవాడికి కూర్చోవడమే కష్టమైంది. కార్బురేటరు విప్పి శుభ్రం చేస్తానన్నాడు. "పెట్రోలు కార్బురేటరు దాకా రాలేదు కదేటి? రానిదాని తప్పు దాని మీద రుద్దుతావా?" అన్నాడు మేస్త్రి. వాడు స్పానరు కింద పెట్టాడు. అరగంట తరువాత సీసాలో ధార కనబడింది. పైపు బిగించి, ఒలికిన తడి ఆరేదాకా ఆగి స్టార్టు చేస్తే ఇంజను ఏమీ జరగనట్లే పలికింది.

అనంతగిరి, గాలికొండ

అక్కడినుండి దారి చల్లబడుతుంది. అనంతగిరి దగ్గర సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. పండిన కాఫీ కాయలను గిరిజన స్త్రీలు బుట్టల్లోకి కోస్తున్నారు. గాలికొండ మలుపు దగ్గర అందరిలాగే మేమూ దిగి లోయను చూశాము.

ఈ ఎత్తులో ఇంజను కాస్త నీరసించడం సహజం. వెయ్యి మీటర్ల ఎత్తున గాలి పలుచన గనుక శక్తి దాదాపు పదవ వంతు తగ్గుతుంది. అది జబ్బు కాదు, ఒక గేరు తగ్గించి ఓపికగా ఎక్కడమే మందు. నీరు కూడా అక్కడ 100 డిగ్రీలకు కాక 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. వేడి ఇంజను మీద రేడియేటరు మూత తీయరాదన్న హెచ్చరిక కొండ మీద మరీ ముఖ్యం. పొంగిన నీరు ముఖం కాల్చిన సంఘటనలు ఏ డ్రైవరును అడిగినా చెబుతాడు.

అరకులో ఆ ఉదయం

అరకు లోయలో నవంబరు చివర చూడవలసినవి వలిసె పూలు. నూనెగింజల కోసం గిరిజనులు వేసే పంట అది. తెల్లవారేసరికి మంచు విచ్చుకుంటుంటే కొండ వాలులన్నీ పసుపు ఆరబోసినట్లున్నాయి. కారు రాత్రంతా చెట్టు కింద మంచులో తడిసింది. డిస్ట్రిబ్యూటర్ మూతను, ప్లగ్గు వైర్లను కుర్రవాడు అడగకుండానే పొడి గుడ్డతో తుడిచాడు. తేమ ఉంటే నిప్పు ప్లగ్గు దాకా చేరకుండా పక్కదారి పడుతుంది.

అంతా సరే అనుకుని సెల్ఫ్ కొడితే ఇంజను మూలుగుతూ పావు చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్ళీ కొడితే అదీ లేదు.

"బ్యాటరీ పోయింది తాతయ్యా, చలికి. కొత్తది తేవాలి" అన్నాడు. లోయలో అలాటి బ్యాటరీ దొరుకుతుందో లేదో తెలియదు. దొరికినా వేలల్లో మాట. మేస్త్రి ఎదుట రాతి మీద కూర్చుని టీ త్రాగుతున్నాడు. ఏమీ అనలేదు. మాస్టారూ ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దమే వాడిని ఆలోచింపజేసిందనుకుంటాను. మీటరు తెచ్చి బ్యాటరీ కొసలకు పెట్టాడు. పన్నెండున్నర వోల్టులు. అది నీరసపడిన బ్యాటరీ లెక్క కాదు. హెడ్‌లైట్లు వేసి, వెలుతురు గోడ మీద పడేలా చూస్తూ సెల్ఫ్ కొట్టాడు. బ్యాటరీలో సత్తువ లేకపోతే ఆ క్షణంలో లైట్లు గుడ్డిదీపాలు కావాలి. అవి దాదాపు అలాగే వెలిగాయి. అంటే బ్యాటరీ కరెంటు ఇవ్వగలదు, సెల్ఫ్ మోటారుకే అది అందడం లేదు.

మళ్ళీ కొట్టబోతూ చోక్ బుడిపె లాగాడు. చటుక్కున చెయ్యి తీసేశాడు. "ఇదేమిటి, కాలుతోంది!"

మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. "సెల్ఫ్ కొట్టకు. ఇంక ఒక్కసారి కూడా కొట్టకు. ఇప్పుడు సెప్పు, చోక్ తీగ ఎందుకు కాలాల?"

చోక్ తీగ కరెంటు వైరు కాదు. లోపలినుండి కార్బురేటరు దాకా పోయే ఉత్త ఇనుప తీగ. కుర్రవాడు దానిని చూస్తూ నిలబడ్డాడు. తరువాత మెల్లగా అన్నాడు: "బయలుదేరిన చోటికే తిరిగి రావాలి."

సంగతి ఇది. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది. రబ్బరులో కరెంటు పారదు. అందుకని ఇంజనుకు, బాడీకి నడుమ రాగితో జడలా అల్లిన ఒక ఎర్త్ పట్టీ బిగిస్తారు. సెల్ఫ్ మోటారు త్రాగే కరెంటు వందల ఆంపియర్లలో ఉంటుంది, అదంతా ఆ పట్టీ గుండానే బ్యాటరీకి తిరిగి వెళ్ళాలి. పట్టీ తెగితే కరెంటు వేరే దారి వెదుక్కుంటుంది. ఇంజనును, బాడీని కలిపే లోహం ఇంకేముంది? చోక్ తీగ, ఆక్సిలరేటరు తీగ. సన్నని ఆ తీగలు అంత కరెంటు మోయలేక కాగిపోతాయి. హెడ్‌లైట్లకు ఎర్త్ బాడీ మీదనే ఉంది గనుక వాటికి ఈ బాధ తగలలేదు.

వాడు కిందికి దూరి చూశాడు. పట్టీ ఒక కొసన నాలుగు పోగుల మీద వ్రేలాడుతున్నది. నిన్న ఇంజను వేడిగా ఉన్నప్పుడు తేలికగా తిరిగింది గనుక ఆ నాలుగు పోగులు ఎలాగో మోశాయి. చలికి చిక్కబడిన ఆయిలులో ఇంజను బరువెక్కేసరికి మోయలేకపోయాయి. అనుమానం తీర్చుకోవడానికి వాడు జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని ఒక కొస ఇంజను ఇనుముకు, మరొక కొస బ్యాటరీ ఎర్త్ క్లాంపుకు పెట్టాడు. ఈసారి సెల్ఫ్ ఒక్క ఊపున ఇంజనును తిప్పింది. బండి స్టార్టయింది.

మేస్త్రి పెట్టెలో దళసరి కేబుల్ ముక్క ఉంది. రెండు కొసలకు లగ్గులు వేసి, బాడీ మీద రంగును తళతళలాడేదాకా గీకి, బోల్టు బిగించి, పైన గ్రీజు పూశారు. బిగించినది కుర్రవాడే. మేస్త్రి టార్చి పట్టుకున్నాడు.

అప్పుడు మేస్త్రి చెప్పిన మాట నాకు ఒళ్ళు జలదరింపజేసింది. ఆ తీగ ఎర్రగా కాగి కార్బురేటరును తాకితే, అక్కడ పెట్రోలు చెమ్మ ఉంటే, కారు క్షణాలలో అంటుకునేది. ఫ్యూజు కాపాడదా అని అడిగాను. ఆ కాలపు లూకాస్ వైరింగు పద్ధతిలో కారు మొత్తానికి రెండే ఫ్యూజులు. హెడ్‌లైట్లకు లేదు, ఇగ్నిషనుకు లేదు. సెల్ఫ్ మోటారు కేబుల్‌కు ఎలాగూ ఉండదు. కుర్రవాడు బ్యాటరీయే పోయిందని నమ్మి కొత్తది పెట్టి ఉంటే, మరింత సత్తువగల కరెంటు అదే సన్న తీగ గుండా పోయి ఉండేది.

దిగే దారి

దిగేటప్పుడు బండి ఎక్కడా ఆగలేదు. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే గనుక మాటిమాటికీ బ్రేకు తొక్కితే వేడెక్కి పట్టు తప్పుతాయి. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. పెట్రోలు ఆదా అని ఇంజను ఆపి దొర్లించడం ప్రాణాలతో చెలగాటం. శృంగవరపుకోట దాకా కుర్రవాడే నడిపాడు. దారిలో డైనమోను గురించి, కటౌట్‌ను గురించి మేస్త్రిని అడుగుతూనే ఉన్నాడు. మేస్త్రి చెబుతూనే ఉన్నాడు.

హైదరాబాదు కొనుగోలుదారు సంగతి ఎవరూ ఎత్తలేదు. శృంగవరపుకోటలో భోజనానికి ఆగినప్పుడు మాత్రం కుర్రవాడు, "తాతయ్యా, జనవరిలో తనిఖీకి నేనే తీసుకువెళ్తాను. అంతలోగా వైరింగు అంతా ఒకసారి విప్పి చూడాలి. మేస్త్రి గారు ఆదివారాలు మధ్యాహ్నం వస్తే చాలు" అన్నాడు. మాస్టారు తలూపి, పెరుగు వడ్డించమన్నారు.

మన ఇండ్లలో పనికివచ్చే వరుస

మీ ఇంట పాత కారో, జీపో, పెట్రోలు ఇంజను పంపుసెట్టో ఉన్నట్లయితే ఈ వరుస ఒక కాగితం మీద వ్రాసి పనిముట్ల పెట్టెలో ఉంచుకోండి.

సెల్ఫ్ తిరగకపోతే హెడ్‌లైట్లు వేసి కొట్టి చూడండి. లైట్లు బాగా మసకబారితే బ్యాటరీ గాని, దాని కొసల దగ్గర చిలుము గాని కారణం. లైట్లు తగ్గకపోతే స్విచ్చి, సెల్ఫ్ వైరు, ఎర్త్ పట్టీ చూడండి. ఏ తీగ అయినా వేడెక్కితే వెంటనే ఆపి బ్యాటరీ కొస ఊడదీయండి.

సెల్ఫ్ తిరిగి ఇంజను అందుకోకపోతే ముందు నిప్పు, తరువాత పెట్రోలు చూడండి. నిప్పు లేకపోతే డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు నల్లబడ్డాయేమో చూడండి. వాటి నడుమ సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. పాయింట్లు మాటిమాటికీ కాలుతుంటే కండెన్సర్ మీద అనుమానపడండి. నిప్పు ఉండి పెట్రోలు రాకపోతే ట్యాంకు, పైపు, పంపు వరుసగా చూసుకుంటూ రండి.

హ్యాండిల్ వేసి తిప్పవలసి వస్తే బొటనవ్రేలును మిగతా వ్రేళ్ళ పక్కనే ఉంచండి. ఇంజను వెనక్కు తన్నితే చుట్టి పట్టుకున్న వ్రేలు విరుగుతుంది.

ఫ్యూజు పోతే దాని బదులు తీగముక్క, సిగరెట్టు రేకు చుట్టకండి. ఫ్యూజు ఎందుకు పోయిందో ముందు తెలుసుకోండి.

ఒకసారి ఒక్కటే మార్చండి. మార్చాక పరీక్షించండి. రెండు మూడు కలిపి మారిస్తే బండి నడుస్తుందేమోగాని జబ్బు ఏదో తెలియదు, అది మళ్ళీ వస్తుంది.

ఇంకొక్క మాట. మీ ఊళ్ళో పాత ఇంజన్ల సంగతి తెలిసిన మేస్త్రి ఇంకా ఉంటే, మీ పిల్లలను సెలవుల్లో ఒక వారం ఆయన షెడ్డుకు పంపండి. ఆయనకు తెలిసినది ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేదు. అడిగేవారు ఉంటే ఆయన చెబుతారు.